ఎనిమిదిండ్ల కామెంట్రీ

బోనాల పండుగ ఇంట్ల పెట్టుకొని రామ్‌చందర్ కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుండు. కూసుంటె లెవ్వబుద్ధి, లేస్తె కూసోబుద్ధి. పొద్దుగాల పాల దుకాణం తెరిచిండు, మూసిండు, మల్ల తెరిచిండు. "ఏందయ్యా, గా షట్టర్ మీద ఏం పగ నీకు?" అని పెండ్లాం పుష్పమ్మ అడిగితె, ఆమెనే గుర్రుగ చూసిండు.

సంగతేందంటె, కొడుకు సాయికుమార్ ఇంట్లకు కొత్త ఇంటర్నెట్ తెచ్చిండు. సినిమాలు, సీరియళ్ళు, క్రికెట్, అన్నీ ఇంక యాప్‌లల్లనే. "బాపూ, సోమవారంతోటి కేబుల్ గడువు అయిపోతది. రెండు రెండు ఎందుకు మనకు? మల్ల రీఛార్జ్ చెయ్యను, డబ్బా వాపస్ ఇచ్చేద్దాం," అన్నడు. మాట తప్పు గాదు. తప్పు గాదు గాబట్టే రామ్‌చందర్‌కు ఒళ్ళు మండింది. తప్పైతె నాలుగు తిట్టి నిమ్మళంగ పండుకునేటోడు.

ఎందుకు మండిందంటరా? ఇరవై రెండేండ్ల సంది ఉప్పుగూడ కేబుల్ లోకల్ ఛానల్ల, అమ్మోరిని నిలిపిన కలశం, ఆ ఘటం ఊరేగింపుకు కామెంట్రీ చెప్పేది ఈయననే. ఏడాదంత పాల ప్యాకెట్లు అమ్ముకునే మనిషి, ఆ ఒక్క సాయంత్రం మైకు పట్టుకుంటె ఆయన రుబాబే వేరు. "అశేష జనవాహిని నడుమ, నయనానందకరంగా, న భూతో న భవిష్యతి" అని పెద్దపెద్ద మాటలు ఏరి కాయిదం మీద రాసి పెట్టుకునేటోడు. పెండ్లిళ్ళకు పోతె "కామెంట్రీ రామ్‌చందర్ అచ్చిండు" అని ముంగట కుర్చీ ఏసేటోళ్ళు. ఆ కేబులే పోతె ఇంక ఆయన మాట ఎవరింటరు? గిదీ ఫికర్.

"ఫోన్ల లైవ్ పెడ్తుండ్రు బాపూ, కమిటీ పోరగాండ్లు. డ్రోన్ తోని," అన్నడు సాయికుమార్.

"అండ్ల కామెంట్రీ ఎవరు చెప్తరు?"

"కామెంట్రీ ఏంది? డీజే పాట పెడ్తరు. కనవడ్తనే ఉంటది గదా."

రామ్‌చందర్ తువ్వాల భుజం మీదేసుకొని బయట పడ్డడు. ఇంటింటికి తిరిగి కేబుల్ తీసెయ్యొద్దని చెప్పాలె. తన ఇంట్లనే నిలుస్తదో లేదో తెల్వదు గని, ఊరికి బుద్ధి చెప్ప బయలెల్లిండు!

మూల మలుపుల రశ్మి ఇల్లు. "డబ్బా ఎప్పుడో తీసేసినం కాకా," అన్నది ఆ పిల్ల, చేతుల ఫోన్ ఇడువకుంటనే. పక్కింట్ల, ఆ పక్కింట్ల అదే మాట. టైలర్ ప్రేమ్‌రాజ్ మాత్రం చాయ్ తాగిచ్చి గౌరవం చేసిండు.

"నీ కామెంట్రీ అంటె మస్తన్నా! నీ లెక్క చెప్పెటోడు మొత్తం పట్నంల లేడు."

రామ్‌చందర్ ఛాతి ఇంత పొంగింది. "పోయినేడు అమ్మ మీద పద్యం చదివిన, ఇన్నవా?"

"పోయినేడు నేను ఘటం ముంగట్నే ఉంటి గదన్నా."

"అంతకు ముందేడు?"

ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నడు. "ఎప్పుడు గూడ ఆడ్నే ఉంటన్నా. ఘటం ఎళ్తుంటె ఇంట్ల ఎవడు కూసుంటడు?"

చాయ్ సగం గ్లాసులనే ఇడిచిండు రామ్‌చందర్. ఉరుకులు పరుగుల ఇంటికచ్చి పుష్పమ్మను నిలదీసిండు.

"నిజం చెప్పు. నా కామెంట్రీ నువ్వెప్పుడన్న ఇన్నవా?"

పుష్పమ్మ వేపాకు రెమ్మలు దుయ్యుకుంట తల ఎత్తలె. "ఘటం వాకిట్లకచ్చినంక వేపాకు నీళ్ళ సాక పోసుడు ఇడిచిపెట్టి టీవీ ముంగట కూసుంటనా? మంచిగ చెప్తవని అందరంటరు, గంతే."

ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటె ఇదే! రామ్‌చందర్‌కు కోపం రాలె, ఏడ్పచ్చింది. ఇరవై రెండేండ్లు తను ఎవరికి చెప్పినట్టు?

ఘటం ఎళ్ళే సోమవారం మూడు గంటలకే కేబుల్ ఆఫీసుల కూలవడ్డడు. ఆఫీసంటె కిరాణా దుకాణం మీద ఒక్క అర్ర. వైర్లు, రెండు టీవీలు, ఒక మైకు. కేబుల్ నడిపే పురుషోత్తం, తమ్ముని లెక్క మెలిగెటోడు, కుర్చీ తుడిచి ఏసిండు.

"తమ్మీ, దాచకు. ఘటం పోయే తొవ్వల మన డబ్బాలు ఎన్ని నడుస్తున్నయి?"

"ఇప్పుడెందుకన్నా గా లొల్లి..."

"చూపియ్యి."

పురుషోత్తం నసుక్కుంట కంప్యూటర్ తెర అటు తిప్పిండు. ఒకప్పుడు మూడొందల ఇండ్లు. ఇప్పుడు తొమ్మిది పేర్లు. మొదటి పేరు రామ్‌చందర్‌దే.

ఆయన ఆ పేరు దిక్కు చానసేపు చూసిండు. తన ఇంట్ల ఇప్పుడు ఎవరున్నరు? పుష్పమ్మ చెంబు పట్టుకొని వాకిట్ల. కొడుకు అమ్మకు తీస్కపోయే రంగు కాయిదాల తొట్టెల ముంగట ఎగురుతుంటడు. టీవీ ముంగట పిల్లి గూడ ఉండది. ఆ డబ్బా కోసం రెండు దినాల సంది ఇల్లు పీకి పందిరేసిండు.

"మాది కొట్టెయ్ తమ్మీ. రేపటి సంది వద్దు."

"అన్నా, నువ్వే గట్లంటె..."

"మాకక్కెర లేదు. మేం బయటికచ్చి చూసెటోళ్ళం. కడమ ఎనిమిదీ చదువు."

పురుషోత్తం చదువుతుంటె రామ్‌చందర్‌కు ఒక్కొక్కటి సమఝైంది. రుక్మాబాయి. మాఘమాసంల పెనిమిటి పోయిండు, ఏడాది ఎల్లేదాక గుడికి పోదు, ఘటానికి ఎదురు రాదు. ఆగయ్య. తుంటి బొక్క ఇరిగి మంచంల ఉన్నడు. అమల. బిడ్డ పుట్టి పదొద్దులు గాలె. చదివిన ఇండ్లల్ల గడప దాట రానోళ్ళే ఉన్నరు. ఆఖరికి డానియేలు పేరు ఇని రామ్‌చందర్ ఆగిండు. రైల్వేల గ్యాంగ్‌మన్ చేసి రిటైరైన మనిషి.

"చక్కెర రోగంతోటి కండ్లు పోయినయి గదా, గాయనకు టీవీ ఎందుకు?"

"ఏమో అన్నా. ఒక్కసారన్న ఆలస్యం చెయ్యడు, రీఛార్జ్ చెయ్యమని ఫోన్ కొడ్తడు."

డప్పులు దగ్గరవడ్డయి. కెమెరా పోరడు కింద కెల్లి చూపిస్తుంటె, తెర మీద గల్లీ నిండ జనం. పురుషోత్తం మైకు మీట నొక్కిండు. రామ్‌చందర్ కాయిదం ఇప్పి "అశేష జనవాహిని నడుమ..." అని ఎత్తుకున్నడు. గంతే, నోరు ముంగటికి పోలె. మంచంల ఉన్న ఆగయ్యకు జనవాహిని ఎందుకు? కాయిదం మడిచి కింద పెట్టిండు.

"రుక్మాబాయీ, నువ్వు రాలేవని అమ్మకు ఎర్కే. నీ గడప ముంగట ఆగింది. ఆడ్నే కూసొని దండం పెట్టుకో బిడ్డా. ఓ ఆగయ్యా! ఈసారి ఘటం మోసేది నీ చిన్నన్న మనుమడే, మంచిగ మోస్తుండు, ఫికర్ చెయ్యకు."

"అన్నా! లైవ్ నడుస్తుంది!" పురుషోత్తం చేతులూపిండు.

"నడవనియ్."

అప్పుడే పురుషోత్తం ఫోన్ మోగింది. డానియేలు. స్పీకర్ల పెడ్తె ముసలి గొంతు కస్సుమన్నది.

"ఏం రామ్‌చందర్, అందరికి చెప్తవ్, నాకు చెప్పవా? చిన్నప్పుడు ఘటం ముంగట కొరడా పట్టి ఎగిరే పోతరాజు ఎంబడి గల్లీ గల్లీ ఉరికినోణ్ణి నేను. కండ్లు పోయి రెండేండ్లాయె, అప్పటి సంది ఇంటున్న, నయనానందం అంటవ్, కన్నుల పండుగ అంటవ్. పోతరాజు ఎట్లున్నడో ఒక్కనాడు చెప్పకపోతివి!"

రామ్‌చందర్‌కు సిగ్గయింది. చెప్పలె, నిజమే. ఎట్ల చెప్తడు? ఇరవై రెండేండ్లల్ల ఆయన చూసింది కాయిదాన్నే. కుర్చీ ముంగటికి జరుపుకొని, తెరకు మొఖం ఆనిచ్చి చూసిండు.

"పొట్టోడు, డానియేలన్నా. బొజ్జ ఉంది. పసుపు దట్టంగ రాసుకున్నడు గని, చెమటకు మెడకాడ చారలు చారలు కారింది. ఎర్ర దట్టి, నడుముకు వేపాకు. ఎడమ కాలు జర కుంటుతుండు, ఏదో గుచ్చినట్టుంది. అయినా ఆగుత లేడు. కొరడా లేపిండు... ఒక పోరడు ముంగట అడ్డం నిలవడ్డడు, కొట్టు కొట్టు అంటుండు. పోతరాజుకే నవ్వొచ్చింది."



"ఆఁ," అన్నడు డానియేలు. "ఇంక?"