అక్క చెప్పినప్పుడు

వరండాలో మనిషి నడిచి వస్తుంటే చాలు, తలుపు దాకా చేరేలోపే నొప్పి నడుములోనో మోకాలిలోనో చెప్పేసేవాడు ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ల బంధువులు "కాస్త కోలుకున్నాక మొదలుపెడదామండీ" అంటే వినేవాడు కాదు. "కోలుకున్నాక కాదు, కోలుకోవడానికే" అంటూ మంచం మీదే చెయ్యి కదిలించడం మొదలుపెట్టేవాడు.

అంతటివాడు సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి చూద్దాం, చూద్దాం అంటూ రెండేళ్లు గడిపేశాడు.

మొదట చెప్పింది అక్క. ఆమె పసిపిల్లల బడిలో టీచరు. చిన్నోడికి రెండేళ్లు నిండిన కొత్తలో వచ్చి, ఒక పూటంతా వాడి పక్కనే నేల మీద కూర్చుంది. వాడు బొమ్మకారును తిరగేసి చక్రం తిప్పుకుంటున్నాడు. పిలిస్తే తల తిప్పడం లేదు. ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించడు. పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకుని, అదేదో కర్ర అయినట్టు, అటు నెడతాడు.

"ఒరేయ్, వీణ్ణి ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించరా. ఆటిజమేమో అనిపిస్తోంది నాకు" అంది వంటగదిలో, గొంతు తగ్గించి.

"నీకు ఏ పిల్లాణ్ణి చూసినా ఏదో ఒకటి కనిపిస్తుందిలే."

"కాకపోతే అంతకన్నా ఏం కావాలి? అయితే మాత్రం థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి. అనుమానం వచ్చినప్పుడే మొదలుపెట్టొచ్చట, ఖాయమయ్యేదాకా ఆగక్కర్లేదట."

"నాకూ మూడేళ్లదాకా మాటలు రాలేదని అమ్మ చెప్పేది కదా."

"మాటలు రాకపోతేనేం, నోరు విప్పకుండానే ఇల్లు పీకి పందిరేసేవాడివి. నువ్వు వేలెత్తి చూపిస్తే నేను పరిగెత్తుకెళ్లి తెచ్చేదాన్ని. వీడు చూపించట్లేదురా."

గిన్నెలు కడుగుతున్న భార్య చేతులు ఆగాయి. "నాకూ అదే అనుమానంగా ఉందండీ" అంది.

ఆడవాళ్లిద్దరూ ముందే కూడబలుక్కున్నారనిపించింది అతనికి. ఒళ్లు మండిపోయింది. అక్క వైపు తిరిగి, "పిల్లలు లేనిదానివి, పెంపకం గురించి నీకేం తెలుసు?" అన్నాడు.

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు గాని, పెదవి దాటిన మాట వెనక్కి వస్తుందా? అక్క చిన్నోడి తల నిమిరి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆ పైన రెండేళ్లు ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాత భార్య కదిపినప్పుడల్లా అతని దగ్గర ఏదో ఒక వంక సిద్ధంగా ఉండేది. బళ్లో వేస్తే అన్నీ అవే వస్తాయన్నాడు. ఒకసారి ముద్ర పడితే జన్మంతా చెరగదన్నాడు. అడిగి అడిగి ఆమె నోరు నొప్పెట్టి ఊరుకుంది. చిన్నోడు మాత్రం ఏడ్చేవాడు. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు.

వాడికి నాలుగేళ్లు దాటాక ఒక సెలవురోజు ఉదయం, షికారుకని బూట్లు తొడుగుతుంటే గుక్కపట్టాడు. బూట్ల దగ్గర ఏడుపు వాడికి కొత్త కాదు. "రోజూ నీ మొండితనమే సాగదు" అని గట్టిగా పట్టుకుని తొడిగాడు తండ్రి. పార్కు దాకా చెయ్యి పట్టి లాక్కెళ్లాడు, మళ్లీ లాక్కొచ్చాడు. వాడు దారి పొడవునా ఏడుస్తూనే, కుడి కాలు మునివేళ్ల మీద నడిచాడు.

ఇంటికొచ్చాక చూస్తే మేజోడు రక్తంతో మడమకు అతుక్కుపోయి ఉంది. భార్య నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీసింది. మడమలో గాజుపెంకు ముక్క దిగి ఉంది.

అతను పెంకు తీసి కట్టు కట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఊళ్లోవాళ్ల కుంటినడకలన్నీ చదివిన కళ్లు, చేతిలో చెయ్యి వేసుకుని నడిచిన కొడుకు కాలు చదవలేదు. కనిపించలేదని అబద్ధమాడుకుందామన్నా కుదరలేదు. మునివేళ్ల నడక కనిపించింది. వీడు ఎప్పుడూ ఇంతేగా అనుకుని చూపు తిప్పేసుకున్నాడు.

ఆ వారమే డాక్టరుకి చూపించారు. అక్క అన్నదే ఖాయమైంది. థెరపీ గదిలో చిన్న కుర్చీలు, నేల మీద మెత్తటి చాప. థెరపిస్టు వయసులో చిన్నది. చిన్నోడు చక్రం తిప్పుతుంటే తనూ ఇంకో చక్రం తిప్పుతూ కూర్చుంది.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఆలస్యం చేసేశాను కదా, మేడమ్?" అన్నాడతను.

"వంచడానికి కాదండీ మనం ఉన్నది. వాడికేం కావాలో మనకి చెప్పగలిగేలా చెయ్యడానికి."

"రెండేళ్ల క్రితమే వచ్చి ఉంటే?"

"మాటలు ఎన్ని వచ్చేవో నేను చెప్పలేను సర్. ఒక్కో బిడ్డది ఒక్కో దారి. కానీ ఇన్నాళ్లూ వాడు అంత ఒంటరిగా ఏడవాల్సిన పని ఉండేది కాదు."

భార్యాబిడ్డల్ని ఇంటి దగ్గర దించి, అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసి అక్కడే నిలబడింది.

"పిల్లలు లేనిదానివని అన్నాను, అక్కా."

"అన్నావు."

అతను తల దించుకున్నాడు.

"దాని సంగతి తర్వాత చూద్దాంలే" అంది ఆమె. "వాడికి ఏమేం నేర్పుతున్నారో చెప్పు."

దాని సంగతి మళ్లీ ఎప్పుడూ చూసుకోలేదు. ఆమె సెలవురోజుల్లో వచ్చి చిన్నోడి పక్కన నేల మీద కూర్చునేది. వాడితో ఎంత కబుర్లాడినా, తమ్ముడితో మాత్రం అవసరమైనంతే మాట్లాడేది. ఆ మాత్రం శిక్ష తనకు తక్కువేననుకున్నాడతను.

చిన్నోడు ముందు వేలెత్తి చూపించడం నేర్చుకున్నాడు. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టడం నేర్చుకున్నాడు. ఆరో ఏట, తండ్రి తల మీద నీళ్లు పొయ్యబోతుంటే చెంబును అడ్డుకుని, స్పష్టంగా "వద్దు" అన్నాడు.

చెంబు గాల్లోనే ఆగింది. భార్య పరిగెత్తుకొచ్చింది. "మాట్లాడాడా? ఏమన్నాడు?"

"వద్దన్నాడు."

ఆమె నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తలంతా సబ్బు ఉందిగా, మరెలా?"

"వద్దన్నాడు కదా, కాసేపు ఆగుదాం" అని చెంబు కింద పెట్టాడు. తడి నేల మీదే కొడుకు ఎదురుగా చతికిలబడి, వాడు ఇన్నేళ్లూ అనలేకపోయిన వద్దులన్నీ ఒక్కొక్కటే తలచుకుంటూ కూర్చున్నాడు.