లోపల బాబు పనిచేస్తున్నాడు

అయినా ఆమె లోపలికి చూడదు. గ్లాసు గుమ్మం పక్కన నేలమీద పెట్టి, తలుపు మీద వేలితో కొట్టి వెళ్ళిపోతుంది. అల్లం దంచి వేసిన టీ, పైన స్టీలు మూత. నేను వంటింట్లో ఉన్నప్పుడు మా అత్త నాకోసం ఎన్నడూ టీ పెట్టలేదు. పెట్టాలన్న ఊహైనా ఆమెకి వచ్చినట్టు లేదు. ఈ గదిలో కూచుని కీబోర్డు మీద వేళ్ళు ఆడించడం మొదలుపెడితే మాత్రం కాసేపటికి అల్లం వాసన వస్తుంది. ఆ చప్పుడు కొడుకుదని ఆమె లెక్క. మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత కొన్నాళ్ళు ఎవరిదో ఎంగిలి తాగుతున్నట్టు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. వేడిగా ఉంటే తాగేస్తాను, చల్లారితే కిటికీలోంచి పారబోస్తాను. ఖాళీ గ్లాసు చూసి ఆమె అనే మాట ఒకటే: "బాబు తాగీసినాడు."

చూపు ఆనక కాదు. ఎండుచేపల్లో పురుగుంటే నిలబడే పట్టేస్తుంది దేముడమ్మ అత్త.

ఒకనాడు పక్కింటి గురమ్మ వసారాలోకి వచ్చి గట్టిగా ఏదో మొదలుపెట్టింది. నేను ఇక్కడ టైపు చేస్తున్నాను.

"ఉస్స్. గొంతు తగ్గించే గురమ్మా. నోపల మా బాబు పన్జేత్తన్నాడు."

"ఓలమ్మ! ఇప్పుడే అవతలొడ్డున సాతాం జెట్టీకాడ సూసొచ్చినాను గదే మీ శివాజీని. పాన్ నముల్తా నిలబడ్డాడు."

"అక్కడా వుంటాడు, ఇక్కడా వుంటాడు. కంపూటర్ పనంటే అలాగే వుంటాది మరి."

గురమ్మ పడీ పడీ నవ్వింది. అత్త నవ్వలేదు. నా వేళ్ళు కీల మీదే ఆగిపోయాయి. మళ్ళీ కొట్టకపోతే ఆమె మాట అబద్ధమైపోతుందేమోనని కొట్టడం మొదలుపెట్టాను.

సోంపేట దగ్గర పల్లె నుంచి పెళ్ళయి, సముద్రం దాటి ఈ దీవిలో బాంబూఫ్లాట్ వచ్చాను. శివాజీ, నేనూ విశాఖలో ఒకే కాలేజీలో ఎంసీఏ చదివాం. బోట్ల కంపెనీ టికెట్ల వెబ్‌సైటు కాంట్రాక్టు దొరికినప్పుడు, "నువ్వు రాయి, నేను తిరుగుతాను," అన్నాడు. "ఆఫీసుల్లో హిందీ కావాలి యార్. నీ హిందీ వింటే జెట్టీ మీద కూలీలు కూడా నవ్వుతారు." అది నిజమే, అందుకే ఎదురు చెప్పలేదు. లాగిన్ విషయం వచ్చినప్పుడు, "ఒకే ఇంటికి రెండెందుకే? నాది ఉందిగా, కొట్టు," అన్నాడు. కొట్టాను. అప్పట్నుంచీ కొడుతూనే ఉన్నాను. జావాలో రాయడం నాది. ఎక్లిప్స్ అనే ప్రోగ్రాంలో ప్రాజెక్టు పేరు మీద కుడి బటన్ నొక్కి డిప్లాయ్ అన్న మాట ఎంచుకోవడం నాది. ఇక్కడ రాసిందంతా మూటగా కట్టుకుని, సముద్రం అడుగున తీగలోంచి ప్రయాణం చేసి, మెయిన్‌లాండ్‌లో ఏదో ఊళ్ళో ఉన్న మెషీన్‌కి చేరుతుంది. ఏ ఊరో నాకూ తెలియదు. క్లౌడ్ అంటారు. చేరిన కాసేపటికి అక్కడ నడవడం మొదలుపెడుతుంది. హేవ్‌లాక్ దీవికి వెళ్ళే టూరిస్టులు ఫోన్లలో టికెట్లు కొనుక్కుంటారు.

ఈ సంగతి ఒకసారి అత్తకి చెప్పాను. చేపకి ఉప్పు పట్టిస్తున్నది కాస్తా ఆగి, "అడుగునుంచే పోతాదా? అయితే మీ మావకి అగుపిస్తాదా?" అంది.

నేను కోడలిగా రాకముందే మామ పడవ సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం ఆయనకోసం గుమ్మంలో టీ పెట్టేదట. లేని మనిషికి టీ పెట్టడం ఆమె చేతికి అలవాటైన పని. ఉన్న మనిషికి పెట్టడమే రాదు.

ఏ మూట ఎప్పుడు వచ్చిందో, ఎవరు పంపారో ఆ మెషీన్ రాసుకుంటుంది. అన్ని వరసల్లోనూ శివాజీ. ఒకరోజు అతను నా ఎదురుగా బనీనుతో నిలబడి గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. అదే క్షణంలో తెరమీద, శివాజీ పంపాడు అని పడింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను. తెరమీది శివాజీ ఎప్పుడూ గొంతెత్తడు. పొరపాటు జరిగితే కారణం వెతుకుతాడు, మనిషిని వెతకడు. చెప్పిన వేళకి పని ముగిస్తాడు. నాకు అతనంటే ఇష్టం పుడుతోందని ఒకసారి పట్టుకున్నాను. బట్టలారేస్తూ అతని గురించి ఆలోచిస్తున్నాను, ఎవరో పరాయి మగాడి గురించి ఆలోచించినట్టు, దొంగతనంగా. ఆ మగాడు ఎవరో గుర్తొచ్చేసరికి తడిచీర చేతిలోంచి జారిపోయింది.

తర్వాత మరికొన్ని గమనించాను. కుడికాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూచోవడం. ఆలోచన తెగనప్పుడు చెవి తమ్మె లాక్కోవడం. అవి శివాజీ అలవాట్లు. నాలోకి ఎప్పుడు వచ్చాయో తెలియదు. ఈ కుర్చీలోంచి లేచి వంటింట్లోకి అడుగుపెట్టగానే పోతాయి. ఒకరిని ఇక్కడ విప్పి పెట్టి ఇంకొకరిని అక్కడ తొడుక్కున్నట్టు. మధ్యలో, ఆ నడవలో ఉన్నది ఎవరు?

పోయిన వారం కంపెనీ మేనేజరు గోపినాథ్ గారు కబురు చేశారు. టికెట్ల కొత్త వెర్షన్ సరిగా నడిస్తే, దాన్ని చేసిన మనిషికి పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసులో ఆన్‌లైన్ విభాగమంతా అప్పగిస్తారట. శివాజీ మిఠాయి పెట్టెతో వచ్చాడు.

"చూడు, నేను అక్కడ కూర్చుంటాను, నువ్వు ఇక్కడ కూర్చో. నన్నేదైనా అడిగితే నీకు వాట్సాప్ చేస్తాను, బస్. ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది."

"అరే, నువ్వేమైనా బయటిదానివా?" అని నా నోట్లో జిలేబి పెట్టాడు.

అంత ప్రేమగా పెట్టిన దాన్ని ఉమ్మలేం. నమిలి మింగుతూ అనుకున్నాను, ఇన్నాళ్ళూ ఇది సర్దుబాటు. ఆ ఉద్యోగం వచ్చాక సర్దుబాటు కాదు, కట్టుదిట్టం. ఇంక ఎప్పటికీ నేను చేశానని చెప్పుకునే వీలుండదు. చెబితే నా మొగుణ్ణి అబద్ధాలకోరని రోడ్డుమీద నిలబెట్టినట్టే.

నా పేరు అక్కడ అసలు లేదనడానికీ లేదు. పోయిన వానల్లో శివాజీ ఫోను జెట్టీలో నీళ్ళపాలైనప్పుడు, సైటు ఆగిపోకుండా గోపినాథ్ గారు నా ఖాతా కూడా చేర్పించారు. "దీదీ, మీకూ ఈ పని వస్తుందా?" అని అడిగారు. "థోడా థోడా సార్," అని నా బదులు శివాజీ చెప్పాడు. కొత్త సిమ్ రాగానే, "ఇంక నీది వాడకు, అంతా కిచిడీ అయిపోతాది," అన్నాడు. వాడలేదు. కానీ ఎవరూ తీసెయ్యలేదు కూడా.

ఇవాళ పొద్దున గోపినాథ్ గారు శివాజీని హేవ్‌లాక్ జెట్టీ ఆఫీసు చూపించడానికి తీసుకెళ్ళారు. రేపు పొద్దున్నే కొత్త వెర్షన్‌లో టికెట్లు తెరవాలి. అన్నీ సరిచూసుకుని డిప్లాయ్ నొక్కేసరికి ఇక్కడి అలవాటు ప్రకారం ఐదు దాటగానే చీకటి పడిపోయింది. మూట బయల్దేరలేదు. చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. శివాజీ లాగిన్ గడువు తీరిపోయింది. దాని కింద ఒక కోడ్. అది అతను తన ఫోనులో కొట్టి ఒప్పుకుంటేనే ముందుకి. ఫోన్ చెయ్యమని మెసేజ్ పెట్టాను. పోలేదు. బోటు మీద ఉన్నాడేమో, సముద్రం మధ్య సిగ్నల్ ఉండదు.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. చప్పుడు లేదు. హార్బరు మీంచి గాలి వచ్చి కిటికీ పరదాని లోపలికి ఊది వదిలేస్తోంది. దీపం వెయ్యాలనిపించలేదు.

తలుపు తెరుచుకుంది. అత్త. ఈ గదిలోకి, నేను కుర్చీలో ఉండగా, ఆమె రావడం అదే మొదలు. చప్పుడు ఆగిపోయిందని వచ్చింది. వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏటి బాబూ, అలిసిపోనావా?"

"ఊఁ," అన్నాను.

నేనే అన్నాను. తల తిప్పకుండా, గొంతు లోపలే, అచ్చం అతను అన్నట్టు. ఆమె చెయ్యి అక్కడే ఉంది. దాని కింద నా జడ ఉంది, పుస్తెలతాడు ఉంది. వేళ్ళు వాటిని తడిమాయి. జాకెట్టు అంచుకి చిక్కుకున్న తాడుని నెమ్మదిగా విడదీసి, సరిచేసి వదిలాయి. అన్నీ తెలిసే, అంతే మెత్తగా, "తాగు నాయనా. ఉజ్జోగం వచ్చేత్తాది," అంది. గ్లాసు బల్లమీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నా పేరు ఒకసారి పైకి అని చూసుకుందామనుకున్నాను. వెంటనే రాలేదు. రెండోసారి వచ్చింది. "గౌతమి." వంటింట్లోంచి ఎవరో ఇంకొకర్ని పిలుస్తున్నట్టు వినిపించింది.

ఫోను మోగింది. తెరమీద శివాజీ.

"ఇప్పుడే మెసేజ్ చూశాను. కోడ్ చెప్పు, జల్దీ! బోటు ఎక్కబోతున్నా, కదిలితే సిగ్నల్ పోతాది." వెనక గాలి, ఎవరివో హిందీలో అరుపులు. "హలో? ఏమే, కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది."

"మరి చదువు!" గొంతు తగ్గించాడు. "గోపినాథ్ సార్ పక్కనే ఉన్నారు. నా ఫోన్లోంచే చేసేస్తున్నానని చెప్పాను. పరువు తియ్యకు."

కోడ్ నా కళ్ళముందే ఉంది, పెద్ద పెద్ద అక్షరాల్లో. చదివేస్తే అయిపోతుంది. రేపటి నుంచి అతను అక్కడ. ఇక్కడ ఈ కుర్చీలో, మడిచిన కాలితో, ఊఁ అని పలికే మనిషి. ఆ మనిషి బాగానే ఉంటాడు. వేళకి టీ వస్తుంది. నేనే, నడవలో ఎక్కడో, అడుగు పెట్టడానికి చోటు లేక నిలబడిపోతాను.

మడిచిన కాలు కిందికి దించాను. నేల చల్లగా తగిలింది.

కోడ్ కింద సన్నటి అక్షరాల్లో, వేరే ఖాతాతో అని ఉంది. నొక్కాను. పేరు అడిగింది. నాది కొట్టాను, పాస్‌వర్డు కొట్టాను. చేతిలో ఫోను అదిరింది. ఓటీపీ. పైనుంచి జారివచ్చి కాల్ తెరమీద, సరిగ్గా శివాజీ అన్న పేరు మీద నిలబడింది.

"హలో, హలో! గౌతమీ, ఉన్నావా?"

"ఉన్నాను," అని, ఫోను బల్లమీద పెట్టి, అంకెలు ఒక్కొక్కటే కొట్టాను.