ట్యాంకు మూత మీద సంతకం

హంగరీలో సెగెడ్ నగరంలోని ఆ ల్యాబులో, గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ ట్యాంకు పాతికేళ్ళుగా ఎటెల్కా పెత్తనంలోనే ఉంది. అందులోని బుడ్డి సీసాల్లో ఎలుక కణాలు ప్రాణంతోనే గడ్డకట్టి ఉంటాయి. ఈ నెలలో మాత్రం ఏ సీసా కరిగించినా కణాలు చచ్చే ఉంటున్నాయి.

ఆమె అనుమానమంతా కొత్తగా చేరిన ఇల్కా మీదే, అదీ చేరిన రోజునుంచే. తను లేనప్పుడు ఆ పిల్ల ట్యాంకు తెరిచి సీసాలు కాజేస్తుందని నమ్మకం. అందుకే ఆ మొదటివారమే మూతకు కాగితం అంటించి సంతకం పెట్టింది. రోజూ పొద్దున్నే దాన్ని చింపి, సీసాల బుట్ట పైకెత్తి లెక్కచూసుకుని, కొత్త కాగితం అంటించేది. ఒక్క సీసా తగ్గలేదు.

ఇవాళ ఇల్కా మైక్రోస్కోపు ముందునుంచి లేచింది. "ఇవీ పోయాయి."

"పోవూ మరి? నా సంతకం చెరక్కుండా ఎలా తెరుస్తున్నావో చెప్పు, నేనూ నేర్చుకుంటాను."

"నన్ను దొంగని చేసి నెలయింది, సరే. ఒక్క మాట చెప్పండి పిన్నిగారూ. లెక్కపెట్టేటప్పుడు బుట్ట ఎంతసేపు బయట ఉంచుతారు?"

"ఎంతసేపంటే? ఆ పొగకి కళ్ళద్దాలు మసకబారి చస్తాయి. తుడుచుకుని మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాలి. నీలాంటివాళ్ళున్నచోట ఒకటికి రెండుసార్లు..."

ఎటెల్కా ట్యాంకు వైపు తిరిగింది. బుట్ట పది సెకన్లకు మించి బయట ఉంటే కణాలు వేడి తగిలి చస్తాయని, కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పేది తనే.

ట్యాంకు పక్కన చెత్తబుట్ట నిండా చింపిన కాగితాలు. అన్నిటి మీదా ఒక్కరి సంతకమే.