జస్టిస్ గారి ఫ్లెక్సీ

జగ్గయ్యపేటలో పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ చావులకీ కూడా ఫ్లెక్సీలు కొట్టిచ్చే జాకియాకి ఒక్క ఫ్లెక్సీ మాత్రం కొట్టడం ఇష్టం లేదు. అదేమో డిజైనంతా పూర్తయి కంప్యూటర్లో కూర్చుని రోజూ ఆమెకేసి చూస్తోంది. హైకోర్టు జడ్జి, నందిగామ బిడ్డ జస్టిస్ వీరేంద్ర సుప్రీంకోర్టుకి వెళ్తున్నందుకు ఆ ఊరి లాయర్ల శుభాకాంక్షలు. నిలువెత్తు జడ్జి గారు, కింద వరసగా లాయర్ల ఫొటోలు.

వెళ్తున్నారనే గానీ ఇంకా వెళ్లలేదు. ఆ తతంగమంతా ఆర్డరిచ్చిన లాయరు దశరథరామయ్యే ఆమెకి చెప్పాడు. సుప్రీంకోర్టులో అందరికన్నా సీనియర్లయిన జడ్జీలు అయిదుగురు కూర్చుని, ఫలానా ఆయన్ని తీసుకుందామని పేరు పంపుతారు. కొలీజియం అంటారు దాన్ని. అక్కడిదాకా అయిపోయింది. ఇక కేంద్రం ఊఁ అనాలి, రాష్ట్రపతి సంతకం పడాలి.

"ఎన్నాళ్లు పడుతుందండి?"

"దానికి గడువేం లేదమ్మా. కొందరికి రెండ్రోజుల్లో వచ్చేస్తుంది, కొందరి ఫైలు ఏళ్ల తరబడి నిద్రపోతుంది. సంతకం పడ్డాకే ప్రింటు కొట్టు. ముందే కడితే నవ్వులపాలవుతాం."

జాకియా అసలు అడగాలనుకున్నది వేరే. ఆమె అన్న అక్రమ్ లారీ డ్రైవరు. గరికపాడు దగ్గర దాబాలో కొట్లాట జరిగి ఒకడు చచ్చిపోతే, తను లారీలో పడుకుని ఉన్నానని మొత్తుకున్నా వినకుండా యావజ్జీవం వేశారు. రాజమండ్రి జైల్లో ఉన్నాడు. హైకోర్టులో అతని అప్పీలు విన్న ఇద్దరు జడ్జీల్లో ఈ వీరేంద్ర గారొకరు. వాదనలన్నీ అయ్యాయి, తీర్పు తర్వాత చెప్తామన్నారు. వినేటప్పుడు ఆయన మనవైపే మొగ్గారని అక్కడి లాయరు అన్న రోజే ఇంట్లో అక్రమ్ మంచం మీద దుప్పటి మార్చారు.

"తీర్పు చెప్పకుండా ఈయన వెళ్లిపోతేనండి?"

"వెళ్లేలోగా రాసేస్తార్లే."

"రాయకపోతే?"

"రాయకపోతే కొత్త బెంచి, మళ్లీ మొదట్నుంచీ వాదనలు. ఏళ్లు పట్టినా పట్టొచ్చు. ఆ నీలం రంగు కొంచెం ముదురు చెయ్యమ్మా."

కింది కోర్టులో అక్రమ్ కేసు వాదించింది ఈయనే. చెడ్డవాడేం కాదు. కాకపోతే సంతోషంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల మొహం కనపడదు, అంతే.

అప్పట్నుంచీ జాకియాకి ఒకచోట కాలు నిలవలేదు. అమరావతిలో ఫైలు పరుగెత్తాలి, ఢిల్లీలో ఫైలు పడుకోవాలి. పొద్దున్నే హైకోర్టులో ఆరోజు చెప్పే తీర్పుల జాబితా చూసేది, ఆ తర్వాత అరగంటకోసారి ఢిల్లీ వార్తలు. ఒకరోజు పెళ్లి ఫ్లెక్సీ మీద 'అశ్రునివాళి' అని కొట్టబోయి నాలిక్కరుచుకుంది. ఈ కేంద్రం కావాలనే తొక్కిపెడుతోందని లాయర్లు తిట్టుకుంటుంటే, ఇంకొన్నాళ్లు తొక్కండి నాయనా అని లోపల్లోపల వేడుకునేది.

ఇంట్లో వాళ్లమ్మ నాగూర్‌బీది ఇంకో దారి.

"నమాజు చేసినప్పుడల్లా ఆ జడ్జిబాబు పెద్ద కోర్టుకెళ్లాలని దువా చేస్తున్నానే. మనవైపు మాట్టాడినాయన. పైకెళ్తే మనకింకా బలం."

ఆపమ్మా అని నోటిదాకా వచ్చేది జాకియాకి. కానీ ఎందుకు ఆపాలో చెబితే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుందోనని భయపడి మింగేసేది.

ఇద్దరి దువాల్లో అమ్మదే అందింది. శుక్రవారం సాయంత్రం దశరథరామయ్య ఫోన్ చేశాడు.

"సంతకం పడిందమ్మా. ప్రింటు కొట్టెయ్. సోమవారం ఢిల్లీలో ప్రమాణం, పొద్దున్నే మన కోర్టు గేటుకి కట్టాలి."

"మా తీర్పండీ?"

"ఇవాళ్టికి హైకోర్టు అయిపోయిందిగా, రేపూ ఎల్లుండీ సెలవు. ఇక కొత్త బెంచేనమ్మా," అని పెట్టేశాడు.

జాకియా కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, లాయర్ల వరసలో చివర కొంచెం చోటుంటే అక్కడ ఇంకో ఫొటో అతికించి ప్రింటు కొట్టింది.

సోమవారం నందిగామ కోర్టు గేటు దగ్గర మిఠాయిలు పంచుతున్నారు. జాకియా తాళ్లు బిగించి కట్టి నిచ్చెన దిగింది. దశరథరామయ్య మురిపెంగా తన ఫొటో చూసుకుని, వరసంతా చూసి, చివర ఆగాడు.

"ఈ కుర్రాడెవరమ్మా? మన బార్ అసోసియేషన్లో ఎప్పుడూ చూడలేదే."

"చూశారండి. ఇతని కేసు వాదించింది మీరే. మా అన్నయ్య."

ఆయన చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది. ఇంతలో జాకియా ఫోన్ మోగింది. అవతల నాగూర్‌బీ గొంతు పక్కవాళ్లకి కూడా వినపడుతోంది.

"జడ్జిబాబు పెద్ద కోర్టుకెళ్లాడంటగా? టీవీలో చూశా. మనోడు ఎప్పుడొస్తాడంట?"

జాకియా ఫోన్ దశరథరామయ్య చేతికిచ్చింది.

"మా అమ్మండి. మీరే చెప్పండి."