ఆర్డిస్ కారు హీటర్

ఆర్డిస్ ట్వైట్ మా చర్చిలో పద్దెనిమిదేళ్లు ఆర్గన్ వాయించింది. ఆ తర్వాత మానేసింది. మానేసిందనే మేమంతా అనుకున్నాం. వాళ్ల పొలం నుంచి ఊళ్లోకి ఇరవై రెండు మైళ్లు. నార్త్ డకోటాలో నవంబరు నుంచి మార్చి దాకా హీటర్ లేని కారులో అంత దూరం రావడం అయ్యే పని కాదు. వేళ్లు కొంకర్లు పోవడం అటుంచి, మన ఊపిరే లోపల అద్దానికి పట్టి గడ్డకడుతుంది. దారి కనపడదు.

కారు ఆమె సొంతం. తల్లి పోతూ పోతూ ఇచ్చిన గోధుమరంగు పాత బండి. ఒక ఏడు చలికాలం మొదట్లో భర్త హాల్వర్ ఆమెను షెడ్డులోకి పిలిచి, ముందు సీటు దగ్గర రబ్బరు పట్టా మీద నిలిచిన ఆకుపచ్చ నీళ్లు చూపించాడు. హీటర్ పెట్టెలో ఉండే చిన్న రేడియేటర్‌కు చిల్లి పడిందనీ, ఇంజను వేడిని దానికి మోసుకొచ్చే ద్రవం, కూలెంట్, లోపలికి కారుతోందనీ చెప్పాడు. ఇంజను నుంచి దానికి వెళ్లే రెండు గొట్టాలూ పీకి, ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించాడు. ఇక హీటర్‌కు వేడి అందదు. బాగుచేయాలంటే డాష్‌బోర్డు సగం ఊడదీయాలి, ఆ ముసలి బండికి అంత అవసరమా అన్నాడు. తన ట్రక్కులో తనే తీసుకెళ్తానన్నాడు.

ఒక నెల తీసుకెళ్లాడు. తర్వాత ఒక ఆదివారం ఆవు ఈనిందన్నాడు, ఇంకో ఆదివారం నడుం పట్టేసిందన్నాడు. ట్రక్కు ఇమ్మంటే, దాని క్లచ్చు తన కాలికి తప్ప ఎవరికీ లొంగదన్నాడు. క్రిస్మస్‌కు ముందు మూడు ఆదివారాలు వరుసగా ఆర్గన్ మూగబోయేసరికి, పాస్టర్ బడి పంతులమ్మ ఒకావిడను ఆర్గన్ బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ సంగతి ఆర్డిస్‌కు ముఖాన చెప్పలేక ఉత్తరం రాశాడు.

ఆరు చలికాలాలు గడిచాయి. ఏడో ఏడు అక్టోబరులో తొలి మంచుకు హాల్వర్ ట్రక్కు జారి కాలువలో బోల్తాపడింది. ట్రక్కు తుక్కయింది. అతనికి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి, వారానికి రెండుసార్లు ఊళ్లోకొచ్చి వ్యాయామం చేస్తేనే మళ్లీ నడుస్తావన్నారు. ఇంట్లో మిగిలింది ఆర్డిస్ కారొక్కటే.

హీటర్ బాగుచేద్దామని ఆమె అనగానే హాల్వర్ వద్దన్నాడు. రెండు దుప్పట్లు కప్పుకుంటే చాలన్నాడు. ఆమె వినలేదు. పక్క పొలం సెల్మర్ గారిని పిలుచుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ఊళ్లో రిపేరు షెడ్డు నడిపినవాడు. చేతులు వణుకుతాయి గనక పానా పట్టలేడు. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చెబుతుంటే ఆర్డిస్ చేసింది.

ముందు బ్యాటరీ తీగ తప్పించి, కూలెంట్ బక్కెట్లోకి దింపింది. ఇంజను వైపు హీటర్ పెట్టెను పట్టి ఉంచే తుప్పుపట్టిన నట్లు నాలుగు. మూడు వచ్చాయి, నాలుగోది కదల్లేదు.

"తిట్టు దాన్ని. పాతికేళ్లు నేనలాగే తీశాను," అన్నాడు సెల్మర్.

"నాకు తిట్లు రావు సెల్మర్ గారూ."

"ఆర్గన్ వాయించే మనిషివి, నీకెక్కడొస్తాయిలే. నూనె పొయ్యి, ఒక కాఫీ తాగొద్దాం."

తిరిగొచ్చేసరికి నట్టు లొంగింది. లోపల సొరుగు తీసేసి, డాష్‌బోర్డు కింది పలక విప్పి, గాలి తలుపుల తీగలు ఊడదీసి, మధ్యాహ్నానికి ఆ నల్లటి పెట్టెను ఒళ్లోకి లాక్కుంది. మోచేతులు రెండూ గీరుకుపోయాయి. పెట్టెలో ఎండుటాకులూ, ఎలుక గూడూ, పొడిపొడిగా రాలుతున్న స్పాంజీ ఉన్నాయి. కూలెంట్ మరక ఒక్కటీ లేదు.

సెల్మర్ వేలు పెట్టి పెట్టె అడుగు తడిమాడు. వాసన చూశాడు. చిన్న రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచమని, ఒక మూతికి సైకిల్ పంపు పెట్టి, రెండోది బొటనవేలితో మూసి గాలి కొట్టమన్నాడు. ఆమె కొట్టింది. ఒక్క బుడగ రాలేదు. మళ్లీ కొట్టింది. రాలేదు.

"ఇది కారుతోందని ఎవరన్నారమ్మా?"

ఆమె చెప్పింది. పట్టా మీద తను కళ్లారా చూసిన నీళ్ల సంగతి కూడా చెప్పింది.

సెల్మర్ కారులోకి వంగి ఆ పట్టా ఎత్తి చూశాడు. పైన ఎండిన ఆకుపచ్చ చార. కింద తివాచీ మీద మరక జాడే లేదు.

"పెట్టె కారితే ముందు పెట్టె తడవాలి, ఆ తర్వాత తివాచీ. ఇది పైనుంచి పడింది ఆర్డిస్," అని, ఇక ఆమె ముఖంలోకి చూడలేక బక్కెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె పెట్టె దులిపి తుడిచింది. కొత్త స్పాంజీ కత్తిరించి అతికించింది. పెట్టెను యథాస్థానంలో బిగించి, గొట్టాలు కలిపి, కూలెంట్ పోసి ఇంజను తిప్పింది. కాసేపటికి వేడిగాలి ఆమె ముఖానికి కొట్టింది. ఆ గాలి ముందు చాలాసేపు కూర్చుందని, తను ఇంటికెళ్తానన్నా వినిపించుకోలేదని సెల్మర్ తర్వాత నాతో చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె హాల్వర్ కుర్చీ ఎదుట నిలబడి అడిగింది. అతను బుకాయించలేదు.

"ఆదివారం పొద్దున వెళ్తే మూడింటికి గానీ వచ్చేదానివి కాదు. పాటల రిహార్సలనీ, కాఫీలనీ. నేను పశువుల దగ్గర్నుంచి వచ్చేసరికి ఇంట్లో పిట్ట ఉండేది కాదు."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అంటే మానేసేదానివా?"

"లేదు," అంది ఆర్డిస్.

"మరి."

అంతే మాట్లాడుకున్నారట. ఆ చలికాలమంతా వారానికి రెండుసార్లు ఆమె అతన్ని ఆ వెచ్చటి కారులో ఊళ్లోకి తెచ్చింది.  అతను ఆసుపత్రిలో వ్యాయామం చేస్తుంటే ఒకరోజు చర్చికి వచ్చింది. పంతులమ్మ సాధన ఆపి, సంతోషంగా లేచి బల్ల మీద చోటిచ్చింది. ఆర్డిస్ కీళ్లవాతం పట్టిన వేళ్లతో రెండు వరుసలు వాయించి ఆపేసింది. మళ్లీ ఆ బల్ల మీద కూర్చోలేదు.

మార్చికి హాల్వర్ కర్ర పట్టుకుని నడిచాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీల దగ్గర, తన భార్య ఒంటిచేత్తో హీటర్ పెట్టె ఊడదీసి బాగుచేసిన కథ అందరికీ గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎలుక గూడు దగ్గర నవ్వించేవాడు, మొండి నట్టు దగ్గర ఊరించేవాడు. మూడు ఆదివారాలు ఆమె వింటూ కూర్చుంది. నాలుగోసారి కప్పు కింద పెట్టింది.

"అందులో బాగుచేయడానికేం లేదు. దాని గొట్టాలు పీకేసింది ఆయనే. నన్ను ఇంట్లో ఉంచడానికి," అంది.

 ఎవరో ఫక్కున నవ్వారు. ఇక కాఫీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆర్డిస్‌కు ఇంత చమత్కారం ఉందని తెలీదే అన్నారు. హాల్వర్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. సెల్మర్ అక్కడే ఉన్నాడు. పంచదార వేసుకోని కాఫీని చెంచాతో తిప్పుతూ తల ఎత్తలేదు.

నేనూ నవ్వాను. ఆమె అందరి ముఖాలూ ఒకసారి చూసి, కోటు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.