దివాకర్ పేరు మీద

నానిన మినప్పప్పును గ్రైండర్‌లో వేస్తూ జ్ఞానప్రసూన గోడ గడియారం వంక చూసింది. పది దాటింది. సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది.

అమెరికాలో, ప్లేనో ఊళ్లో ఒక ఇండియన్ స్టోర్ వెనక వంటగదిలో తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, మోకాళ్లకు నల్లటి పట్టీలు. ఇడ్లీలు కొనేవాళ్లకు ఆమె చట్నీ రుచి తెలుసు గాని మొహం తెలియదు. అదే స్టోర్‌లో ఒక మూల అద్దెకు తీసుకుని తన పేరుతో పచ్చళ్లు అమ్ముకోవాలని ఇరవై రెండు వేల డాలర్లు కూడబెట్టింది.

స్థలాల మీద నెలకు రెండు శాతం ఇస్తామన్న కంపెనీ నిరుడు బోర్డు తిప్పేసింది. యాభై వేలకు తక్కువైతే వాళ్లు తీసుకోమన్నారని, ఆమెతో కలిపి ఆరుగురు తమ డబ్బంతా దివాకర్ పేరు మీద పెట్టారు. దివాకర్ పక్క అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ టెస్టర్. అక్కా, అక్కా అంటూ తిరిగేవాడు. అలా పిలిచే మనిషి చేతిలో నోట్లు పెట్టి కాగితం రాసిమ్మని ఏ మొహంతో అడుగుతారు? చదువుకున్నవాళ్లు కూడా అడగలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

పదకొండింటికి చంద్రిక ఫోన్ చేసింది. ఆ కంపెనీ ఆస్తులు పంచడానికి కోర్టు నియమించిన అధికారికి క్లెయిములు పంపడంలో బాధితులకు ఊరికే సాయం చేస్తున్న అకౌంటెంట్ పిల్ల.

“ఆంటీ, ఫామ్ రెడీ. దివాకర్ గారి లెటర్ ఒక్కటే మిస్సింగ్. ఆ అమౌంట్ మీదేనని ఆయన సైన్ చేసివ్వాలి. లేకపోతే లిస్ట్‌లో మీ పేరే ఉండదు.”

“దివాకర్ లాయరు వద్దంటున్నాట్టమ్మా. అందరి దగ్గరా వసూలు చేసింది తనేనని ఒప్పుకున్నట్టవుతుందని, గ్రీన్ కార్డుకి అడ్డమొస్తుందని వాడి భయం.”

“ఫైవ్ లోపల ఫోటో తీసి పంపండి చాలు. ఇంకోటి ఆంటీ, డబ్బు రికవర్ చేస్తాం, ఫీజు కట్టండి అని ఎవరు కాల్ చేసినా కార్డ్ నంబర్ ఇవ్వకండి. కోర్టువాళ్లు పైసా అడగరు.”

ఆ ఫోన్ రెండింటికి రానే వచ్చింది. తొమ్మిది వందలు కడితే ఇవాళే పనైపోతుందన్నాడు ఎవడో, నున్నటి తెలుగులో. చంద్రిక అంత చెప్పినా చేయి సంచిలోకి పోయింది. కార్డు మీద సగం అంకెలు చదివాక నాలుక కరుచుకుని ఫోన్ పెట్టేసింది. మూకుడులో వడలు మాడిపోయాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడింటికి చేస్తే దివాకర్ ఫోన్ ఎత్తలేదు. మూడున్నరకీ అంతే. నాలుగింటికి నేరుగా స్విచ్ఛాఫ్.

“వాడి గ్రీన్ కార్డు తగలెయ్య! నా మోకాళ్ల మాటేమిటి?” అని పైకే అనేసింది.

నాలుగూ నలభైకి వెనక తలుపు తోసుకుని దివాకర్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. భుజాన గుడ్డసంచి. దాన్ని స్టూలు మీద దించి, జేబులోంచి కాగితం తీసి, బల్ల మీద తడిలేని చోటు చూసి పెట్టాడు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

“ఆరుగురి పేర్లు రాసిన అక్కా. ఎవరియి ఎన్నో, అన్నీ. సంతకం చేసిన.”

“మరి లాయరు?”

“వద్దనే అన్నడు.”

ఆమె చేతులు తుడుచుకుని ఫోటో తీసింది. మొదటిది తొందరలో అలుక్కుపోయింది. రెండోది పంపి, ఫోన్ వంకే చూస్తూ నిలబడింది. ఐదుకు నాలుగు నిమిషాలుండగా చంద్రిక జవాబు వచ్చింది: “సబ్మిట్ అయింది ఆంటీ.”

ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో ఆ పిల్లకూ తెలియదు. అయినా ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇందాక తిట్టిన తిట్టుకు సిగ్గేసింది.

“కాఫీ పెడతా, తాగి వెళ్లు తమ్ముడూ” అని తిరిగేసరికి దివాకర్ లేడు.

వడల ట్రే కోసం స్టోర్ యజమానురాలు వసుమతి లోపలికి వచ్చింది. “దివాకర్ ఇండియాకి వెళ్లిపోతున్నాడండీ, తెలుసా? జాబ్ పోయి రెండు నెలలైందట, వీసా గడువు కూడా అయిపోయిందట. ఎవరికీ చెప్పలేదు. బయట పెళ్లాం, పిల్లా, సామాన్లతో ఊబర్ ఆగి ఉంది. ఇటునుంచిటే ఎయిర్‌పోర్ట్‌కి.”

పరుగెడదామంటే మోకాళ్లు సహకరించలేదు. తలుపు దాకా వెళ్లేసరికి పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంది.

సంచి స్టూలు మీదే ఉంది. లోపల మూడు స్టీలు డబ్బాలు. అతని కూతురికని పప్పో పులిహోరో పెట్టి పంపి, ఆమె ఎప్పుడో మరిచిపోయినవి. తళతళలాడేలా తోమి ఉన్నాయి. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటారు. పై డబ్బా మూత తీసింది. అడుగున చెంచాడు పంచదార ఉంది.