సారీ బాబాయి

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అంటూ ఆయన మెడ కాస్త ముందుకు వంచాడు. ఫోనులో అవతలి మనిషికి అది కనిపించదని తెలుసు. అయినా వంచకపోతే ఆ మాట నోటికి రాదు. అందుకే కాల్ సెంటర్ హాల్లో అందరూ ఆయన్ని సారీ బాబాయి అంటారు. అసలు పేరు జీతం వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

కంపెనీ మందుల పెట్టెలను నడిపే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. వేళకు పెట్టె మోగుతుంది, ఆ పూట అర తెరుచుకుంటుంది, అందులోని మాత్రలు వేసుకోవాలి. మోగకపోయినా, తెరుచుకోకపోయినా, ఉన్నట్టుండి మూగబోయినా ఫోను బాబాయికే వస్తుంది. మనిషి పొట్టి. భుజాలు గుండ్రంగా ముందుకు వాలి ఉంటాయి. హెడ్‌ఫోను పట్టీ కింద నెరిసిన జుట్టు పాపిడిలా అణిగిపోయింది. గొంతు మాత్రం కొత్త పెళ్ళికొడుకుది. తిట్టిపోద్దామని ఫోను చేసినవాళ్ళు కూడా ఆ గొంతు వినగానే సగం చల్లబడతారు. ఇంట్లో ఈ విద్య పారదు. భార్య ఆ సారీని చెవిన కూడా వేసుకోదు.

ఉద్యోగంలో చేరినప్పుడే ఆయనకు ఒక సంగతి బాగా నూరిపోశారు. చింతిస్తున్నాం అనొచ్చు, బాధపడుతున్నాం అనొచ్చు. తప్పు మాది అని మాత్రం అనకూడదు. మాటలన్నీ రికార్డవుతాయి, ఆ ఒక్క మాట కోర్టు మెట్లెక్కుతుంది. పెట్టెను మొదటిసారి ఆన్ చేసినప్పుడు బారెడు షరతులు వస్తాయి. వాటిని చదివిన పుణ్యాత్ముడు ఇంతవరకు తగల్లేదు. అందరూ కింద 'ఒప్పుకుంటున్నాను' నొక్కేస్తారు. ఏ నష్టానికీ కంపెనీ పూచీ కాదని అందులోనే ఉంది. బాబాయి ఇన్నేళ్ళలో ఆ గీత దాటలేదు. దాటాలని అనిపించలేదంటే మాత్రం అబద్ధం.

ఈ వారం కొత్త అప్‌డేట్ వెళ్ళింది. అప్పట్నుంచి ఇంటర్నెట్ మధ్యలో పోయి వస్తే చాలు, ఆ పూట మాత్ర ఇంకా ఇవ్వలేదనుకుని పెట్టె మళ్ళీ మోగుతోంది, ఇంకో అర తెరుస్తోంది. ఉదయం టీమ్ లీడర్ అటు వస్తే బాబాయి ఆపాడు. ఆమెది ఆయన కూతురి వయసు.

"లోపం ఎక్కడుందో ఇంజనీర్లకి తెలిసిపోయిందిగా అమ్మా. బాగుచేసేదాకా పెట్టెలు ఆపమని అందరికీ చెప్పెయ్యొచ్చు కదా?"

"చెప్తే ఒప్పుకున్నట్టే అంటున్నారు లాయర్లు." ఆమె గొంతు తగ్గించింది. "నాకు మాత్రం బాగుందా బాబాయ్? కానీ లక్షల లైన్ల ప్రోగ్రాం. తప్పే ఉండదని ఎవరు రాసిస్తారు? ప్రతిదానికీ కోర్టుకి ఈడిస్తే రేపు వీటిని చేసేవాళ్ళే ఉండరు. ఈ పెట్టెల వల్ల ఎంతమంది వేళకి మందులేసుకుంటున్నారో మీకు తెలీదా?"

తెలుసు. దండాలు పెట్టడానికి ఫోను చేసినవాళ్ళతో మాట్లాడిందీ ఆయనే. ఆమె అన్నది కొట్టిపారేసే మాట కాదు.

"తప్పు జరక్కూడదని నేననట్లేదమ్మా. జరిగాక మాదని ఒకళ్ళు అనాలి కదా. కుర్చీ విరిగి నడుం పడిపోతే చేసినవాణ్ణి అడుగుతాం. మనల్నెవరూ అడగక్కర్లేదా?"

"అడిగే చట్టం రానివ్వండి" అని ఆమె వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఇంటర్నెట్ సరిగ్గా ఉందో లేదో చూసుకోమని చెప్పాలట.

భోజనాలయ్యాక ఒకావిడ ఫోను చేసింది. ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది. మామగారు బీపీ మాత్రలు ఎక్కువై కూలబడ్డారు, ఇంకా కళ్ళు తెరవలేదు.

"పెట్టె మోగితే ఇచ్చానండీ. కాసేపటికి మళ్ళీ మోగింది. ఇందాకేగా ఇచ్చాను అనుకున్నా. మళ్ళీ నేనే పొరబడ్డానేమో, పెట్టె పొరబడదు కదా అని ఇంకోసారి ఇచ్చేశాను."

బాబాయి ఆమె ఫోను నంబరు కొట్టి ఆ పెట్టె రికార్డు తెరిచాడు.

"రెండోసారి మోగిందంటే ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. మిషను తప్పు చేస్తుందా అంటున్నారు. మా ఆయన మొహం తిప్పుకుంటున్నారు. నాకు పైసా వద్దండీ. మోగిందో లేదో చెప్పండి చాలు. మోగలేదేమో, నాకే మతి పోయిందేమో అని భయమేస్తోంది."

ఆయన ముందున్న తెర మీద ఆ పెట్టె రెండుసార్లు మోగినట్టు కనిపిస్తూనే ఉంది. ఈ వయసులో ఇక్కణ్ణుంచి పంపేస్తే ఇంకో హాల్లో ఎవరు కూర్చోబెడతారు? ఇంటి అద్దె, భార్య మోకాలి ఆపరేషను అన్నీ కళ్ళముందు తిరిగాయి. మెడ వంచి, "మీకు కలిగిన..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అవతల ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది.

"మోగిందమ్మా" అన్నాడు. "రెండుసార్లూ మోగింది. తప్పు నీది కాదు, మాది. మాకు ముందే తెలుసు, చెప్పలేదు. ఆ పెట్టె ఆపించెయ్."

అవతల గబగబా నాలుగు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత, "ఉండండి, స్పీకర్ పెడతాను" అంది. "మా ఆయన ఇక్కడే ఉన్నారు. మళ్ళీ ఒకసారి చెప్పరా?"

బాబాయి మళ్ళీ చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, వరండా అంతా వినిపించేలా చెప్పాడు. చివర్లో "క్షమించమ్మా" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు. అటువైపు ఒక మగగొంతు ఆమెను మెల్లగా దగ్గరికి పిలిచింది. ఆమె వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని బాబాయి కళ్ళూ తడిశాయి.

తర్వాత ఫోను చేసినవాళ్ళకూ పెట్టె ఆపెయ్యమనే చెప్పాడు. టీమ్ లీడర్ వచ్చి పక్కన నిలబడేదాకా చెబుతూనే ఉన్నాడు.

"నా చేతుల్లో లేదు బాబాయ్" అందామె, ఆయన మొహంలోకి చూడకుండా.

"నువ్వేం చేస్తావమ్మా" అన్నాడాయన. మెళ్ళో కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు, అందరూ ఫోన్లలో ఉన్నారు. వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఆ వేళప్పుడు వీధి ఎలా ఉంటుందో చూసి ఏళ్ళయింది. భార్యకు ఫోను చేసి పెందరాళే వస్తున్నానన్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆమె కంగారుపడింది. బాగానే ఉంది, వచ్చి చెబుతానన్నాడు.

హాల్లో ఆయన ఫోన్లన్నీ పక్క సీటు అమ్మాయికి మళ్ళించారు. మొదటి మనిషే, వాళ్ళ అమ్మ పెట్టె ఇప్పుడే రెండోసారి మోగిందన్నాడు, మాత్ర ఇవ్వాలా వద్దా అని అడిగాడు. ఆ అమ్మాయి పక్కకి తిరిగి బాబాయి సీటు కేసి చూసింది. ఖాళీ కుర్చీ ముందు బల్ల మీద బాబాయి మర్చిపోయిన ఫ్లాస్కు మూత తీసి ఉంది, వేడినీళ్ళలోంచి సన్నగా ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.